తఖాజా, తగాదా, వసూలు: బాకీల కోసం కోర్టు వేసిన దగ్గరి దారి

మనం రోజూ మాట్లాడే తెలుగులో ఖర్జ్‌కి సంబంధించిన మాటలు ఒక్కసారి వరసగా పెట్టి చూడండి. బాకీ, వసూలు, వాయిదా, జామీను, జప్తు, దావా, రాజీనామా, ఫైసలా, ఫారఖతు. ఇవన్నీ మన ఇళ్లలోంచి, మన దఫ్తర్లలోంచి తెలుగులోకి నడిచొచ్చిన మాటలే. బాఖీ అంటే మిగిలింది. వుసూల్ అంటే చేరడం, అంటే సొమ్ము సొంతదారు చేతికి చేరడం. వాదా అంటే మాట ఇవ్వడం. ఫలానా రోజు ఇస్తానని చెప్పిన మాట కాస్తా కచేరీ గుమ్మం ఎక్కేసరికి, ఆ రోజు ఇవ్వకుండా ఇంకో రోజుకు జరుపుకోవడంగా మారింది. వాయిదా అంటే ఇప్పుడు మాట తప్పడానికి కోర్టు ఇచ్చే తేదీ!

వీటన్నిట్లో నాకు బాగా ఇష్టమైన మాట తగాదా. ఉర్దూలో తఖాజా అంటే రావాల్సింది ఇమ్మని అడగడం, అంతే. అందులో కోపం లేదు, కొట్లాట లేదు. మరాఠీలో తగాదా అంటే ఇప్పటికీ బాకీ కోసం వెంటపడటమే. బ్రౌన్ దొరగారి కాలపు తెలుగులో కూడా ఆ అర్థం బతికే ఉంది. ఇప్పుడు మాత్రం తగాదా అంటే గొడవ. ఇచ్చిన డబ్బు అడగడానికీ గొడవకీ మధ్య ఉన్న దూరం ఎలా చెరిగిపోయిందో ఆ ఒక్క మాట చెబుతుంది. అడిగితే ఇచ్చే ఏర్పాటు లేనప్పుడు అడగడమే గొడవ అవుతుంది మరి.

కోర్టులు అందుబాటులో లేని రోజుల్లో తఖాజా ఎలా జరిగేదంటే, బాకీదారు గడప ముందు కూర్చునేవారు. అప్పిచ్చినవాడే కూర్చోవచ్చు, లేదా తన తరఫున ఇంకొకర్ని కూర్చోబెట్టవచ్చు. సొమ్ము ఇచ్చేదాకా కదలరు, తినరు. లోపలివాళ్లు తింటే పాపం, బయటివాడు చస్తే శాపం. దీన్ని ధర్నా అనేవారు. ఇవాళ కలెక్టరేట్ ముందు జరిగే ధర్నాకి మూలం ఇదే. ఈ పద్ధతి ఎంత మామూలుగా ఉండేదో చెప్పడానికి 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ చాలు. అందులో 508వ సెక్షన్, దైవాగ్రహం కలుగుతుందని భయపెట్టి పని చేయించుకోవడం నేరమంటుంది. దానికిచ్చిన మొదటి ఉదాహరణే ఇంకొకరి గుమ్మం ముందు ధర్నా కూర్చున్న మనిషి.

మన హైదరాబాద్‌లో వ్యవహారం ఇంకో రకం. ఇక్కడ కార్వాన్, బేగం బజార్, రెసిడెన్సీ బజార్ సాహుకార్లు అప్పులిచ్చేవారు. వాళ్లతో పాటు అరబ్ జమేదార్లు, రోహిల్లాలు కూడా అప్పులిచ్చేవారు. వీళ్ల దగ్గర కాగితాల కంటే జంబియాలు ఎక్కువ పని చేసేవి. బాకీదారుని పట్టుకుపోయి సొంత ఖైదులో కూర్చోబెట్టడం, గుమ్మానికి మనుషుల్ని కాపలా పెట్టడం మామూలు. ఒక దశలో సర్కారే వీళ్లకు బాకీదారు. తాలూకాలకు తాలూకాలు వాళ్ల దగ్గర తాకట్టులో ఉండేవి. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్ జంగ్ చేసిన పెద్ద పనుల్లో ఆ తాలూకాలు విడిపించడం ఒకటి. అప్పు వసూలు సిపాయి చేతిలోంచి అదాలత్ చేతికి మార్చడం ఇంకొకటి. చరిత్ర పుస్తకాల్లో ఆయన పేరు చెబితే రైల్వే, రెవెన్యూ అంటారు. మామూలు వ్యాపారికి ఆయన చేసిన ఎహసాన్ మాత్రం ఇది: తఖాజాలోంచి కత్తిని తీసేశారు.

కత్తి పోయింది, బాగానే ఉంది. మరి దాని బదులు వచ్చిన అదాలత్ ఎంత త్వరగా పని చేస్తుంది? అసలు సవాల్ అదే. ఆ సవాల్‌కి జవాబు వెతుక్కుంటూ కాసేపు లండన్ వెళ్లాలి, ఎందుకంటే మన కోర్టుల్లో ఇవాళ ఉన్న సమ్మరీ దావా అక్కడి నుంచే వచ్చింది.

పందొమ్మిదో శతాబ్దం నడిమధ్య లండన్ వ్యాపారికి ఒక చిక్కుండేది. చేతిలో సంతకం పెట్టిన నోటు ఉంది, గడువు తీరింది, బాకీదారుకి చెప్పుకోవడానికి జవాబేమీ లేదు. అయినా అతను కోర్టుకొచ్చి ఏదో ఒక అబద్ధపు జవాబు దాఖలు చేసేవాడు. డబ్బు ఇచ్చేశాననో, సరుకు నాసిరకమనో. దాన్ని అబద్ధమని తేల్చాలంటే పూర్తి విచారణ జరగాలి. ఈలోగా నెలలు గడిచేవి. బాకీదారుకి కావాల్సింది గెలవడం కాదు, ఆ నెలలే. వడ్డీ లేకుండా దొరికే అప్పన్నమాట.

1855లో పార్లమెంటు హుండీల మీద సమ్మరీ విచారణకు ఒక చట్టం చేసింది. దాన్ని తెచ్చిన న్యాయవాది పేరు మీద కీటింగ్స్ యాక్ట్ అంటారు. అది చేసిన పని చిన్నదే, కానీ తిరకాసంతా అందులోనే ఉంది. మామూలు దావాలో ముద్దాలెహ్‌కి జవాబు చెప్పే హక్కు పుట్టుకతోనే ఉంటుంది. ఈ కొత్త దావాలో ఉండదు. జవాబు చెప్పుకోవడానికి ముందు కోర్టు దగ్గర ఇజాజత్ తీసుకోవాలి. సమన్లు అందిన పన్నెండు రోజుల్లో వచ్చి, బాకీ సొమ్ము కోర్టులో కట్టనైనా కట్టాలి, లేదా నాకు నిజంగా ఒక జవాబుందని హలఫ్‌నామా మీద చూపించి ఇజాజత్ పొందాలి. లేకపోతే డిక్రీ. కోర్టు మొదట కాగితం మాట వింటుంది, తర్వాతే మనిషి మాట.

ఇక్కడ ఒక చిన్న మాట చెప్పి ముందుకెళ్తాను. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. ముద్దాలెహ్ అంటే దావా ఎవరి మీద పడిందో అతను. మరి తెలుగులో ముద్దాయి ఎవరు? నిందితుడు! కొన్ని తరాలు కచేరీ మెట్లెక్కి దిగాక ఎవరు అడిగేవాడో ఎవరు జవాబుదారో జనానికి కలగాపులగమైపోయినట్టుంది. సమ్మరీ దావాలో కోర్టు చేసిందీ ఇంచుమించు ఇలాంటిదే. రుజువు బరువును ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చింది.

ఈ పద్ధతి పదేళ్లు తిరిగేసరికి హిందుస్థాన్ వచ్చింది. 1866లో అయిదో నంబరు చట్టంగా ఇక్కడ అమలైంది. తర్వాత 1877, 1882 సివిల్ ప్రొసీజర్ కోడ్‌లలో ముప్పై తొమ్మిదో అధ్యాయంగా చేరింది. 1908 కోడ్‌లో ముప్పై ఏడో ఆర్డర్ అయింది. వకీళ్లు ఇప్పటికీ "ఆర్డర్ థర్టీ సెవెన్" అనేది దీన్నే. అయితే అది వచ్చింది ఎవరి కోసమో చూడండి. కలకత్తా, మద్రాసు, బొంబాయి హైకోర్టులకూ, ఇంకా కొన్ని ఎంచుకున్న కోర్టులకూ మాత్రమే. అంటే పెద్ద రేవు పట్టణాల పెద్ద వర్తకులకు. మద్రాసు పారీస్ కార్నర్‌లో తోళ్ల ఎగుమతిదారు చేతిలో ఉన్న నోటుకి దగ్గరి దారి ఉంది. అదే నోటు గుంటూరులోనో కర్నూలులోనో మిర్చి, వేరుశనగ, లుంగీలు అమ్మే దుకాణదారు చేతిలో ఉంటే అతను మున్సిఫ్ కోర్టులో మామూలు దావా వేసుకుని వాయిదాలు లెక్కపెట్టుకోవాల్సిందే. చిన్న మొత్తాలకు స్మాల్ కాజ్ కోర్టులుండేవి. 1887 చట్టం ప్రకారం వాటి హద్దు మామూలుగా 500 రూపాయలు. అక్కడ విచారణ చిన్నది, అప్పీలు లేదు. కానీ బాకీదారు నోరు తెరవడానికి ఇజాజత్ అడగాలన్న షరతు అక్కడ లేదు. నిజాం ఇలాఖా సంగతి వేరు. అక్కడ చట్టం వేరు, 1884 నుంచి కచేరీ జబాన్ ఉర్దూ. హిందుస్థాన్ సివిల్ ప్రొసీజర్ కోడ్ హైదరాబాద్‌కి వచ్చింది 1951 ఏప్రిల్‌లోనే.

హుండీకీ ప్రోనోటుకీ ఇంత గౌరవం ఎందుకు? వ్యాపారంలో ఈ కాగితం డబ్బుతో సమానం కనుక. దర్శనీ హుండీ అంటే చూపించగానే చెల్లించాల్సింది. ముద్దతీ హుండీ అంటే ఇన్ని రోజుల ముద్దత్ తర్వాత చెల్లించాల్సింది. హైదరాబాద్‌లో రాసిన హుండీ బొంబాయిలో చెల్లేది. చేతులు మారేది. మధ్యలో దాన్ని కొన్నవాడికి అసలు సరుకు ఏమిటో, ఎవరు ఎవరికి అమ్మారో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. అలాంటి కాగితం మీద సంతకం చేసినవాడు తర్వాత వచ్చి కథలు చెబితే మార్కెట్టే కూలిపోతుంది. కాబట్టి వ్యాపారుల వాదనలో న్యాయముంది.

కానీ కాగితం అబద్ధం చెబితే? దీనికి జవాబు కూడా మన దక్కన్‌లోనే ఉంది.

1859లో అప్పుల దావాలకు కాలపరిమితి చట్టం వచ్చింది. మామూలు బాండు మూడేళ్లకు పాతబడిపోతుంది. సర్కారు ఉద్దేశం వడ్డీలు పేరుకుపోకుండా ఆపడం. జరిగింది దానికి తలకిందులు. పుణె, అహ్మద్‌నగర్ జిల్లాల్లో సాహుకార్లు మూడేళ్లకోసారి రైతుని పిలిచి, అసలు, వడ్డీ కలిపి కొత్త బాండు రాయించుకోసాగారు. చదువురాని రైతు వేలిముద్ర వేసేవాడు. అందులో ఏం రాసుందో అతనికి తెలియదు. తర్వాత కోర్టులో దావా పడేది. రైతు హాజరు కాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ. కాగితం మాట్లాడింది, కోర్టు వింది, భూమి పోయింది. 1875 మే 12న పుణె జిల్లా సుపా అనే బజారు ఊళ్లో రైతులు సాహుకార్ల దుకాణాల మీద పడ్డారు. వాళ్లు మనుషుల్ని చంపడానికి పోలేదు. ముఖ్యంగా అడిగింది బాండులూ లెక్కల పుస్తకాలూ. దొరికినవి తగలబెట్టారు. ఆ మంట చుట్టుపక్కల ఊళ్లకూ అహ్మద్‌నగర్‌కూ పాకింది.

తర్వాత కమిషన్ కూర్చుంది, 1879లో దక్కన్ వ్యవసాయదారుల సహాయ చట్టం వచ్చింది. అందులో ముఖ్యమైన సంగతి ఏమిటంటే, కోర్టు బాండు చూసి ఆగకూడదు. బాండు వెనక్కి వెళ్లి, మొదటి అప్పు ఎంత, ఎప్పుడు, ఎన్నిసార్లు తిరగరాశారు అని మొత్తం కథ విచారించాలి. రైతులు రాసే దస్తావేజులు ఊరి రిజిస్ట్రార్ ముందు రాయాలి.

తేదీలు పక్కపక్కన పెట్టండి. 1877లో కోడ్ అంటుంది, వ్యాపారి హుండీ అయితే కాగితం వెనక్కి చూడొద్దు. 1879లో దక్కన్ చట్టం అంటుంది, రైతు బాండు అయితే కాగితం వెనక్కి చూసి తీరాలి. చేసింది ఒకే సర్కారు. రెండు నాలుకలు అని తిట్టాలనిపిస్తుంది గానీ, నాకు రెండూ సరైనవే అనిపిస్తాయి. తేడా కాగితంలో లేదు, ఆ కాగితంలో ఉన్న మాట ఎవరిది అన్నదాంట్లో ఉంది. లెక్క తెలిసి తన చేత్తో సంతకం చేసిన వర్తకుడి మాట ఒకటి. తనకు తెలియని రాత మీద వేలు ఒత్తిన రైతు మాట ఇంకొకటి.

ఈ విషయం ఖురాన్ చదివే ఇళ్లకు కొత్తదేం కాదు. సూరె బఖరాలోని 282వ ఆయత్ ఖురాన్ మొత్తంలో పొడవైన ఆయత్. అది నమాజు గురించో రోజా గురించో కాదు, ముద్దత్ పెట్టి చేసే అప్పు రాసుకోవడం గురించి. అందులో ఉలమా ఎప్పుడూ ఎత్తి చూపే వివరం ఒకటుంది. కాతిబ్ రాయాలి, కానీ చెప్పి రాయించాల్సింది అప్పిచ్చినవాడు కాదు, తీసుకున్నవాడు. అతను చెప్పలేని స్థితిలో ఉంటే అతని వలీ చెప్పాలి. గవాహ్‌లు ఉండాలి. మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుక్కోకూడదు. ఇక దానికి రెండు ఆయతుల ముందు, 280లో, బాకీదారు ఇబ్బందిలో ఉంటే వెసులుబాటు వచ్చేదాకా ముహ్లత్ ఇమ్మని ఉంది. హనఫీ ఖాజీల అదాలత్‌లో కూడా ఈ రెండూ కలిసే నడిచాయి. ఇవ్వగలిగీ ఇవ్వనివాణ్ణి ఖాజీ ఖైదులో పెట్టగలడు. నిజంగా ముఫ్లిస్ అని తేలితే వదిలేయాలి.

రాసుకోమని ఇంత గట్టిగా చెప్పిన సమాజంలో ఆచరణ ఎలా ఉందో మా ఇంటి సంగతే చెబుతాను.

మా దాదాజాన్‌కి లుంగీలు, తువ్వాళ్ల హోల్‌సేల్ వ్యాపారం. చుట్టుపక్కల పట్టణాల దుకాణాలకు ఉధార్ మీద సరుకు వేసేవారు. పొడుగాటి ఎర్ర అట్ట ఖాతా పుస్తకం, అందులో ఉర్దూలో ఆయన చేతిరాత. పేరు, తారీఖు, ఎన్ని డజన్లు, ఎంత వచ్చింది, ఎంత బాఖీ. ఒక్క అక్షరం కొట్టివేత ఉండదు. పండగలకు ముందు బస్సెక్కి తఖాజాకి వెళ్లేవారు. వెళ్లి అడిగేవారా అంటే అదీ లేదు. చాయ్ తాగి, పిల్లల ఖైరియత్ అడిగి, వాళ్లు ఇచ్చింది తీసుకుని వచ్చేవారు. సంతకం అడగడమంటే ఎదుటివాడి ఇజ్జత్ మీద చెయ్యి వేసినట్టని ఆయన నమ్మకం. మురవ్వత్ అనే ఒక్క మాటలో మా ఇంటి బాలెన్స్ షీట్ మొత్తం ఉంది.

ఆయన ఇంతెఖాల్ అయ్యాక అబ్బా ఆ పుస్తకం లెక్క తీశారు. చాలామంది పిలవకుండానే వచ్చి ఇచ్చిపోయారు. ఒక పెద్ద దుకాణం మాత్రం, మొత్తం బాఖీలో సగం పైగా వాళ్లదే, మాకేమీ లెక్క లేదు పొమ్మంది. అబ్బా పుస్తకం పట్టుకుని వకీల్ సాబ్ దగ్గరికి వెళ్లారు. ఆయన పేజీలు తిప్పి అడిగింది ఒకటే: "వాళ్ల దస్తఖత్ ఎక్కడైనా ఉందా భాయ్?"

లేదు. ఇక్కడే చట్టం మాట వినాలి. 1872 సాక్ష్య చట్టం 34వ సెక్షన్ ఏమంటుందంటే, వ్యాపారంలో క్రమంగా రాసుకునే లెక్కల పుస్తకం సాక్ష్యంగా పనికొస్తుంది. కానీ ఒక మనిషి మీద బాకీ మోపడానికి అదొక్కటే చాలదు. 2023లో వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోనూ ఇదే మాట ఉంది. చదివితే కోపం వస్తుంది గానీ ఆలోచిస్తే కారణం కనిపిస్తుంది. ఆ పుస్తకం ఎంత నిజాయితీగా రాసినా అది అప్పిచ్చినవాడు చెప్పిన మాటే. తీసుకున్నవాడు చెప్పింది కాదు. సుపా సాహుకారు దగ్గర కూడా పుస్తకం ఉంది కదా. మా దాదా పుస్తకానికీ ఆ సాహుకారు పుస్తకానికీ తేడా మాకు తెలుసు, జడ్జి సాబ్‌కి ఎలా తెలుస్తుంది? దానికి తోడు ఆ దుకాణం నుంచి చివరి జమ పడి మూడేళ్లు దాటింది. 1859 నాటి ఆ మూడేళ్లే, ఈ రోజుకీ అవే మూడేళ్లు. గడువు తీరకముందే బాకీదారు రాసిచ్చి సంతకం చేస్తే గడువు మళ్లీ మొదలవుతుంది. కొంత సొమ్ము కట్టి, ఆ సంగతి తన చేతిరాతలోనో సంతకంతోనో నమోదు చేసినా అంతే. తీరిపోయాక అయితే, ఇస్తానని కొత్తగా రాతపూర్వకంగా సంతకంతో ఒప్పుకుంటేనే చెల్లుతుంది. మా దగ్గర అవేమీ లేవు. దాదీ అమ్మ మాత్రం ఒక్క మాట అన్నారు: "ఆయన వాళ్ల మీద భరోసా చేశారు, నా మెహర్ మీద చేయలేదు." దుకాణం పెట్టడానికి ఆమె మెహర్ నగలే అమ్మారని అప్పుడు తెలిసింది మాకు.

మళ్లీ చరిత్రలోకి వద్దాం. పెద్ద రేవు పట్టణాల హైకోర్టులకు కట్టుబడిన దగ్గరి దారి అందరికీ తెరుచుకున్నది 1976 సవరణతో. అది 1977 ఫిబ్రవరి 1 నుంచి అమలైంది. రెండు మార్పులు జరిగాయి. ఒకటి, హైకోర్టులకే కాదు, సిటీ సివిల్ కోర్టులకూ, స్మాల్ కాజ్ కోర్టులకూ, మిగతా కోర్టులకూ ఆర్డర్ 37 వర్తించింది. పురానీ హవేలీలోనూ వేయొచ్చు, గుంటూరులోనూ వేయొచ్చు. రెండు, హుండీ, ప్రోనోటు, చెక్కులే కాదు, రాతపూర్వక ఒప్పందం మీద రావాల్సిన కచ్చితమైన మొత్తమూ, జామీను పత్రం మీద రావాల్సినదీ దీని కిందికి వచ్చాయి. సంతకంతో ఒప్పుకున్న బిల్లుల్ని కూడా రాతపూర్వక ఒప్పందంగా తీసుకున్న కోర్టులున్నాయి. సరుకు అందిందని బిల్లు మీద ఒక సంతకం, ఒక దుకాణం ముద్ర. దాదాజాన్ సిగ్గుపడి అడగనిది అంతే.

దావా ఎలా నడుస్తుందో కూడా చెప్పుకుందాం, ఎందుకంటే మనవాళ్లు ఇందులోనే బెదిరిపోతారు. ఫిర్యాదులో దావా నంబరు కిందే "ఆర్డర్ 37 కింద" అని రాయాలి. ఇది ఆ ఆర్డర్ కింద వేసిన దావా అని లోపల స్పష్టంగా చెప్పాలి. ఆ పరిధిలోకి రాని ఇంకో కోరిక ఏదీ కలపకూడదు. సమన్లు అందిన 10 రోజుల్లో ముద్దాలెహ్ తన హాజరు నమోదు చేసుకోవాలి. చేసుకోకపోతే ఫిర్యాదులోని మాటలు ఒప్పుకున్నట్టే, డిక్రీ. చేసుకుంటే ముద్దయీ రెండోసారి సమన్లు పంపిస్తాడు. అవి అందిన 10 రోజుల్లో ముద్దాలెహ్ హలఫ్‌నామాతో ఇజాజత్ అడగాలి. దీన్నే లీవ్ టు డిఫెండ్ అంటారు.

ఆ ఇజాజత్ ఇవ్వడం, ఇవ్వకపోవడం మీదే దావా ప్రాణమంతా ఉంటుంది. 1976లోనే సుప్రీంకోర్టు మెకెలెక్ ఇంజినీర్స్ కేసులో దీనికి మెట్లు కట్టింది. మంచి జవాబుంటే షరతు లేకుండా ఇజాజత్. జవాబు అనుమానంగా ఉంటే సొమ్ము కోర్టులో కట్టమనో జామీను పెట్టమనో షరతు పెట్టొచ్చు. జవాబు పూర్తిగా బూటకమైతే ఇజాజత్ లేదు. 2016లో ఐడీబీఐ ట్రస్టీషిప్ కేసులో ఈ మెట్లను మళ్లీ సవరించింది. కొంత బాకీ ఉందని ముద్దాలెహే ఒప్పుకుంటే, ఆ కొంత కట్టకుండా ఇజాజత్ దొరకదు. అంటే 1855 నాటి పదును కొంచెం తగ్గించి, దక్కన్ రైతు కథను కూడా గుర్తుపెట్టుకున్నట్టు ఏర్పాటైంది.

ప్రోనోటు విషయంలో ఒక జాగ్రత్త. రెవిన్యూ స్టాంపు లేని ప్రోనోటు సాక్ష్యానికే పనికిరాదు. మిగతా దస్తావేజులకు తక్కువైన స్టాంపు, దాని మీద జుర్మానా కట్టి సరిచేసుకోవచ్చు. ప్రోనోటుకి ఆ వీలు లేదు. రూపాయి స్టాంపు అంటించకపోవడం వల్ల లక్షలు పోయిన ఇళ్లున్నాయి.

ఇక చెక్కుల కథ మీకు తెలిసిందే. 1988 సవరణతో 138వ సెక్షన్ వచ్చింది, 1989 ఏప్రిల్ 1 నుంచి చెక్కు తిరిగిరావడం నేరమైంది. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసు, చెల్లించడానికి 15 రోజులు, అప్పటికీ ఇవ్వకపోతే నెలలోపు కోర్టు. జనం ఆర్డర్ 37 మరిచిపోయి దీని వెనకే పడ్డారు, జైలు భయం ఉంటుంది కనుక. ఒక రకంగా తఖాజా మళ్లీ సిపాయి వైపు జరిగింది. 2006లో చిన్న పరిశ్రమల చట్టం 45 రోజుల గడువు పెట్టింది. దాటితే రిజర్వ్ బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. మంచి చట్టమే. కానీ అది తయారుచేసేవాళ్లకూ సేవలందించేవాళ్లకూ. కొని అమ్మే దుకాణదారుకు కాదు. మన ఇళ్లలో ఎక్కువ మంది కొని అమ్మేవాళ్లే. 3 లక్షలు, ఆపైన వ్యాపార వివాదాలు 2018 నుంచి కమర్షియల్ కోర్టులకు వెళ్తున్నాయి. అత్యవసర ఉత్తర్వు అడగని దావా అయితే ముందు సులహ్ కోసం కూర్చోవాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది.

డిక్రీ చేతికొచ్చిందనుకోండి. అది ఇంకా వుసూల్ కాదు. ఇ.పి. వేయాలి, దానికి 12 ఏళ్ల గడువుంది. అవతలివాడు కోస్తా మాటలో చెప్పాలంటే "ఐ.పి. పెట్టేస్తాడు", అంటే దివాలా పిటిషన్. బాకీదారుని సివిల్ జైలుకు పంపొచ్చు గానీ ఆడవాళ్లను పంపకూడదు. జైల్లో ఉన్నన్నాళ్లూ అతని భత్యం డిక్రీదారే కట్టాలి. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఇంకో మాట చెప్పారు. ఇవ్వలేకపోవడం వేరు, ఉండీ ఇవ్వకపోవడం వేరు, పేదరికానికి జైలు లేదు అని. ముహ్లత్, ముఫ్లిస్ అన్న మాటలు ఆ తీర్పులో లేవు, కానీ వాటి అర్థం ఉంది.

జప్తుకి అమీనా వచ్చినప్పుడు కూడా అన్నీ ఎత్తుకుపోలేడు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కొన్నిటిని వదిలేయమంటుంది. ఒంటి మీది బట్టలు, వంట గిన్నెలు, పడకలు, కారీగర్ పనిముట్లు. ఆ జాబితాలోనే ఇంకొకటుంది: లెక్కల పుస్తకాలు. దుకాణం ఖాళీ చేసినా ఖాతా పుస్తకం మాత్రం బాకీదారు దగ్గరే వదిలేసి పోవాలి.